కోసి పారేసిన తంగూసు

కొత్త చాంతాడుకు బొక్కెన కట్టి బావిలోకి దించిన వారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. నీటిని తాకకముందే బొక్కెన గిరగిరా తిరగడం మొదలుపెడుతుంది. పేనేటప్పుడు తాడుకు ఎక్కిన అదనపు పురి దిగేదాకా అది ఆగదు. నాలుగైదు సార్లు దించి తోడితే తాడు మెత్తబడి చెప్పినట్టు వింటుంది. మెలికలు తిరిగిందని కొత్త తాడును కోసి బావిలో పారేసిన ఇల్లాలు ఏ ఊళ్లోనూ ఉండదు.

ఏ ఇల్లాలూ చేయని ఆ పనే చెరువు కట్టల మీద ఇప్పుడు జరుగుతోంది. ఇస్నాపూర్, పటాన్‌చెరు, బొల్లారం, సంగారెడ్డి చుట్టుపక్కల సెలవు రోజున గాలం వేసే అలవాటు పెరిగింది. వెదురు కర్ర స్థానంలో ఫైబర్ రాడ్డు, దానికి బిగించిన రీలు వచ్చాయి. కొన్న కొత్తలో బాగానే పనిచేసిన రీలు నాలుగు వారాలు తిరిగేసరికి మొరాయిస్తుంది. విసిరినప్పుడు దారం చుట్టలు చుట్టలుగా ఎగిరి వచ్చి చిక్కుముద్ద అవుతుంది. ఓపిక ఉన్నంతసేపు విప్పి, విసుగొచ్చాక కత్తెర తీస్తారు. కోసిన ముద్ద తుమ్మ కంప మీదికో, అలుగు రాళ్ల సందులోకో చేరుతుంది. ఇరవై, ముప్పై మీటర్ల నైలాన్ దారం ఆ క్షణం నుంచి చెరువు సొత్తు అవుతుంది.

నిజానికి ఆ దారానికి ఏ జబ్బూ లేదు. దానికి పురి ఎక్కింది, అంతే. దించడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాల పని నేర్చుకోవడం, కోయక తప్పని ముక్కను ఇంటికి తీసుకుపోవడం, దాన్ని వేయడానికి కట్ట మీద ఒక డబ్బా పెట్టడం: ఈ మూడూ గాలం పట్టే ప్రతి ఒక్కరికీ, చెరువును చూసుకునే ప్రతి సంస్థకూ బాధ్యత కావాలి. పటాన్‌చెరు ప్రాంతానికి ఇది మరీ అవసరం. ఇక్కడి చెరువులు మోయవలసిన దానికంటే ఎంతో ఎక్కువ బరువును ఇప్పటికే మోశాయి.

పురి ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే దించడం తేలిక. ఈ ప్రాంతంలో చాలామంది వాడే రీలులో దారం చుట్టుకునే స్పూలు తిరగదు. దాని చుట్టూ ఒక తీగ కమ్మీ తిరుగుతూ దారాన్ని చుడుతుంది. తిరిగే కదురు మీద నూలు చుట్టడం ఒక పద్ధతి, కదలని గూటానికి చుట్టూ తిరుగుతూ తాడు చుట్టడం ఇంకో పద్ధతి. రెండో పద్ధతిలో ప్రతి చుట్టుకూ దారంలో ఒక మెలిక పడుతుంది. విసిరినప్పుడు దారం స్పూలు అంచు మీదుగా ఊడిపోతుంది కాబట్టి ఆ మెలిక తిరిగి విడిపోతుంది. లెక్క సరిపోతుంది. ఈ లెక్క తప్పినప్పుడే చిక్కు.

లెక్క తప్పడానికి మొదటి కారణం ఆత్రం. పెద్ద బొచ్చె గాలానికి పడి లాగుతున్నప్పుడు దారం తెగకుండా స్పూలు జారేలా రీలులో ఒక ఏర్పాటు ఉంటుంది. దాన్నే డ్రాగ్ అంటారు. చేప దారాన్ని లాక్కుపోతుంటే చాలామంది అదే పనిగా పిడి తిప్పుతారు. దారం ఒక్క అంగుళం కూడా లోపలికి రాదు, మెలికలు మాత్రం పడుతూనే ఉంటాయి. పిడి ఒకసారి తిప్పితే కమ్మీ అయిదుసార్లు తిరిగే రీళ్లే బజారులో ఎక్కువ. అలా ఇరవై సార్లు ఊరికే తిప్పితే నూరు మెలికలు. ఒక్క చేపతో పెనుగులాటలోనే దారం పాడయ్యేది అందుకే. చేప లాగేటప్పుడు చేతులు కదపకుండా నిలబడాలి. అది అలిసినప్పుడు రాడ్డును మెల్లగా పైకెత్తి, దించుతూ ఆ వదులును మాత్రమే చుట్టుకోవాలి.

రెండో కారణం ఎర. నీటిలో గిరగిరా తిరుగుతూ మెరిసే రేకు ఎరలు తమతో పాటు దారాన్నీ తిప్పుతాయి. రెండు కొసలూ వేర్వేరుగా తిరిగే చిన్న ఇత్తడి స్వివెల్‌ను దారానికీ ఎరకూ మధ్య కడితే ఆ తిప్పుడు చాలావరకు అక్కడే ఆగిపోతుంది. గాలం సామాను మొత్తంలో ఇంత చవకైన వస్తువు మరొకటి ఉండదు. చాలామంది వదిలేసేదీ దీన్నే.

మూడో కారణం దుకాణంలోనే మొదలవుతుంది. కొత్త దారం ఎక్కించేటప్పుడు దారపు చుట్టను ఎటు పడితే అటు పెట్టి చుట్టేస్తారు. చుట్టను బొమ్మ ఉన్న వైపు పైకి వచ్చేలా నేల మీద పరచాలి. దారాన్ని తడిబట్టతో గట్టిగా పట్టుకుని పదిహేను, ఇరవై సార్లు పిడి తిప్పి ఆపాలి. దారాన్ని వదులు చేసి చూస్తే తెలిసిపోతుంది. సాఫీగా వేలాడితే సరే. ఒకదాని మీద ఒకటి ఎక్కి మెలికలు తిరిగితే చుట్టను బోర్లించి మళ్లీ మొదలుపెట్టాలి. స్పూలు అంచుకు రెండు మిల్లీమీటర్ల దిగువన ఆపేయాలి. నిండా దట్టించిన స్పూలు మొదటి విసురుకే చుట్టలు వదులుతుంది.

ఇంత జాగ్రత్త పడినా పురి కొంత ఎక్కుతుంది. ఎక్కిందా లేదా అని చూడటం కూడా తేలికే. రెండు అడుగుల దారాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని చేతులు దగ్గరికి తేవాలి. మధ్యలో దారం జడలా తనను తాను పెనవేసుకుంటే పురి ఎక్కినట్టు. వట్టి ఉంగరాల్లా సున్నాలు చుడితే అది పురి కాదు, చాలాకాలం స్పూలు మీద ఉండి పట్టుకున్న వంకర. వంకర పోవాలంటే దారాన్ని గోరువెచ్చని నీటిలో నానబెట్టి సాగదీస్తే చాలు. పురికి మందు వేరు.

ఆ మందు చాంతాడు బొక్కెనదే. దారానికి ఒక కొస స్వేచ్ఛగా తిరిగేలా వదలాలి. పుట్టి ఉంటే ఎర, గాలం, బరువు అన్నీ తీసేసి వట్టి దారాన్ని వెనకాల నీటిలోకి వదిలి కొంతదూరం మెల్లగా నడపాలి. నీటి లాగుడుకు దారం తనంతట తాను తిరుగుతూ పురి విడుస్తుంది. పుట్టి లేకపోతే పారే కాలువ చాలు. ప్రవాహంలోకి దారం వదిలి రెండు మూడు నిమిషాలు ఆగితే అదే పని జరుగుతుంది. నీరే అందుబాటులో లేకపోతే ఖాళీ మైదానం చాలు. వట్టి దారాన్ని గడ్డి మీద పొడవునా పరచి, రెండు వేళ్ల మధ్య గట్టిగా అదిమిపట్టి చుట్టుకుంటూ రావాలి. పురి వేళ్ల ముందుకు తోసుకుపోయి వదిలిన కొస నుంచి దిగిపోతుంది. రెండుసార్లు చేస్తే దారం కొత్తదానిలా ఉంటుంది.

ఈ తంటా ఈ రకం రీలుతో పాటే పుట్టింది. స్కాట్లండ్‌లోని పెర్త్ పట్టణానికి చెందిన పీటర్ మాలక్ 1884లో ఒక రీలుకు పేటెంట్ తీసుకున్నాడు. విసిరేటప్పుడు స్పూలును పక్కకు తిప్పితే దారం అంచు మీదుగా ఊడిపోయేది. మళ్లీ నిటారుగా తిప్పి చుట్టుకునేవారు. ఊడేటప్పుడు పడిన మెలిక చుట్టేటప్పుడు విడిపోయేది కాదు. ఆ లోపాన్ని సరిదిద్దడానికి స్పూలును బోర్లించి బిగించుకునే వీలు కల్పించారు. ఒక దఫా ఒక వైపు, మరో దఫా ఇంకో వైపు పెట్టి విసిరితే ఎక్కిన పురి దిగేది. ఆ తర్వాత 1905లో ఆల్‌ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ కదలని స్పూలు రీలుకు పేటెంట్ పొందాడు. ఆయన ఇంగ్లండ్‌లో ఉన్ని మిల్లులకు పేరుపడ్డ బ్రాడ్‌ఫర్డ్‌లో మిల్లు యజమాని. మరమగ్గాల దగ్గర కండెల మీదుగా నూలు ఊడి రావడం రోజూ చూసిన మనిషి. నేటి కదలని స్పూలు రీళ్లన్నీ ఆ ఆలోచనకు వారసులే.

పటాన్‌చెరు ప్రాంతపు కార్మికుడికి ఈ విద్య ఒకరు చెప్పాల్సినది కాదు. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో జనరేటర్ల కాయిళ్లు చుట్టిన చేతులు, క్రేన్ల ఉక్కు తాళ్లను చూసుకునే చేతులు, కేబుల్ డ్రమ్ములను దొర్లించి విప్పే చేతులు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. డ్రమ్మును దొర్లిస్తే కేబుల్ సాఫీగా వస్తుందనీ, పడుకోబెట్టి పక్క నుంచి లాగితే మెలికలు పడుతుందనీ షాపు ఫ్లోరు మీద అందరికీ తెలుసు. కర్మాగారంలో ఎరిగిన ఆ సంగతి కట్ట మీదికి రాకపోవడమే లోటు.

కోసి పారేసిన దారం ఏమవుతుంది? నైలాన్ అమెరికాలోని డ్యూపాంట్ ప్రయోగశాలలో 1935లో పుట్టింది. కుళ్లకపోవడం, నీటిలో కనిపించకపోవడం, సన్నగా ఉండి గట్టిగా నిలవడం దాని సుగుణాలు. చేపను మోసం చేసే ఆ గుణాలే పారేశాక పక్షిని మోసం చేస్తాయి. పత్తి దారమైతే రెండు వానలకు చివికిపోతుంది. నైలాన్ దారం పూర్తిగా కరగడానికి వందల ఏళ్లు పడుతుందని అంచనా. గడ్డిలో నడిచే కొంగ కాలికి అది ఉచ్చులా బిగుస్తుంది. కొంగ ఎగరబోయిన కొద్దీ ముడి లోతుకు దిగుతుంది. మునిగి చేపలు పట్టే నీటికాకి రెక్కకు చుట్టుకుంటే అది మళ్లీ పైకి రాలేదు. మేకలు, గేదెలు మేతతో పాటు మింగుతాయి. కట్ట కింద వల విసిరే మత్స్యకారుడి వేళ్లకు, కాళ్లకు తెగిన గాలాలు గుచ్చుకుంటాయి.

సంగారెడ్డి జిల్లా ఈ బెడదను ఎక్కువగా పట్టించుకోవాల్సిన కారణం మంజీరా. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి గోదావరిలో కలిసే ఈ నది మీద సంగారెడ్డికి దగ్గరలోనే మంజీరా అభయారణ్యం ఉంది. 1978లో ప్రకటించిన ఈ అభయారణ్యం మొసళ్లకు, నీటి పక్షులకు నెలవు. దాని పరిధిలో చేపల వేట నిషిద్ధం. కానీ ఎర్రకాళ్ల కొంగకు, నామాల కోడికి, లకుముకి పిట్టకు అభయారణ్యం సరిహద్దు తెలియదు. సింగూరు జలాశయం వెనక నీటి దగ్గర నుంచి సంగారెడ్డిలోని మహబూబ్‌సాగర్ చెరువు దాకా, ఇక్రిశాట్ పంట పరిశోధన కేంద్రం ఆవరణలోని కుంటల నుంచి ఊరూరి చెరువు దాకా అవి మేత వెతుక్కుంటాయి. ఒక చెరువులో తిని ఇంకో చెరువు దగ్గర రాత్రి గడిపే పక్షికి ప్రతి కట్టా ఇంటి వాకిలే.

ఈ మాట ఎత్తగానే వచ్చే ప్రశ్న ఒకటుంది. ఈ నేలను ఫ్యాక్టరీలు విషం చేస్తుంటే గాలం దారం గురించి రాయడం ఏమిటని. ప్రశ్న న్యాయమైనదే. స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనం పటాన్‌చెరు ప్రపంచానికి తెలిసేలా చేసింది. దాదాపు 90 ఔషధ తయారీ సంస్థల వ్యర్థ జలాలను శుద్ధి చేసే ఇక్కడి ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ఆ అధ్యయనం తేల్చింది. ఇసకవాగు, నక్కవాగు ఆ బరువును మోస్తూ మంజీరాలో కలిశాయి. రైతులు, స్థానిక వైద్యులు, పర్యావరణ కార్యకర్తలు సుప్రీంకోర్టు దాకా పోరాడారు. గండిగూడెం చెరువులో చేపలు మూకుమ్మడిగా చచ్చి తేలిన వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకు వెళ్లింది. ఆ పోరాటం ఒక్క అడుగు కూడా వెనక్కి పోకూడదు.

అయితే పెద్ద తప్పు చిన్న తప్పును మాఫీ చేయదు. చెరువుకు ఫ్యాక్టరీ వేరు, గాలం వేరు అన్న తేడా లేదు. రసాయనాలకు తట్టుకుని మిగిలిన కొంగ దారపు ఉచ్చుకు చచ్చిపోతే నష్టం ఆ చెరువుదే. అయితే ఆపే విషయంలో మాత్రం రెండింటి మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. కాలుష్యం ఆపడానికి కోర్టు, బోర్డు, యాజమాన్యం కలవాలి. కట్ట మీద దారం ఆపడానికి రాడ్డు పట్టుకున్న మనిషి ఒక్కడు చాలు. కంపెనీని నిలదీసే ఊరి జనం తమ కట్టను శుభ్రంగా ఉంచుకుంటే వారి మాటకు బలం పెరుగుతుందే తప్ప తగ్గదు.

పైగా ఇదే దారం పతంగికి కట్టినప్పుడు సమాజం చూస్తూ ఊరుకోలేదు. గాలం వేసేవారూ పతంగులు ఎగరేసే పిల్లలూ తంగూసు అనే ఒకే మాటతో పిలిచే సరుకు ఇది. తెలంగాణ ప్రభుత్వం 2016లో నైలాన్ మాంజాను నిషేధించింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జులైలో దేశమంతటా నిషేధం విధించింది. 2024 సంక్రాంతి ముందు హైదరాబాద్ లంగర్‌హౌజ్ దగ్గర బైకు మీద వెళ్తున్న సైనికుడి మెడకు మాంజా తగిలి ప్రాణం పోయింది. నిషేధం ఉన్నా అమ్మకాలు ఆగలేదని ఆ మరణం చాటింది. చెట్టు కొమ్మకు వేలాడే మాంజాకు చట్టం ఉంది, పోలీసు దాడులు ఉన్నాయి, జనంలో చర్చ ఉంది. అదే చెట్టు కింద గడ్డిలో పడి ఉన్న గాలం దారం గురించి మాట్లాడే వారు లేరు.

గాలం దారాన్ని నిషేధించమని ఎవరూ కోరనక్కర్లేదు. అది ఎంతోమందికి ఆటవిడుపు, కొందరికి కూర. వేరే దేశాలు నడిచిన దారి వేరు. బ్రిటన్‌లో గాలాలకు కట్టే సీసపు గుండ్లను మింగి హంసలు చనిపోతున్నాయని తేలినప్పుడు 1987లో చాలా పరిమాణాల సీసపు గుండ్ల వాడకాన్ని నిషేధించారు. గాలం వేయడం ఆగలేదు, గుండు లోహం మారింది, హంసల సంఖ్య కోలుకుంది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం పడవల రేవుల్లో, చేపల వేట వంతెనల మీద పీవీసీ పైపు డబ్బాలు బిగించింది. నిలువు పైపు, పైన వంగిన ఎల్బో, కింద మూత. తెగిన దారం ఎల్బోలో వేస్తే గాలికి ఎగరదు, పక్షికి అందదు. స్వచ్ఛంద కార్యకర్తలు వచ్చి మూత తీసి పోగుచేసి రీసైక్లింగ్‌కు పంపుతారు. అంతే ఆ పథకం.

ఆ డబ్బా పటాన్‌చెరులో ఏ హార్డ్‌వేర్ దుకాణం నుంచైనా ఒక్క పూటలో తయారవుతుంది. మహబూబ్‌సాగర్ కట్ట మీద, పటాన్‌చెరు సాకి చెరువు దగ్గర, జనం కూర్చునే ప్రతి తూము దగ్గర ఒకటి చొప్పున పెట్టడం మున్సిపాలిటీలకు, పంచాయతీలకు మోయలేని భారం కాదు. నిధులు చాలకపోతే కంపెనీల చట్టం 2013 ప్రకారం లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాల్సిన సంస్థలు ఈ పారిశ్రామికవాడలోనే ఉన్నాయి. కట్ట మీద డబ్బా పెట్టించి వాగులోకి వదిలే నీటి సంగతి మరిపించే ఎత్తుగడగా మాత్రం అది మారకూడదు. డబ్బా ఖర్చు వేరు, శుద్ధి బాధ్యత వేరు.

అసలు హక్కుదారులను మరవకూడదు. తెలంగాణ చెరువుల్లో చేప మీద హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను వదులుతున్నది వారి బతుకు కోసమే. సరదాకు గాలం వేసేవారు ముందు ఆ సంఘం పెద్దల అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతికి సంఘాలు ఒక షరతు పెట్టవచ్చు: స్వివెల్ లేకుండా రేకు ఎర వాడవద్దు, తెగిన దారం కట్ట మీద కనిపిస్తే మరుసటి వారం రానివ్వం. ముదిరాజ్, గంగపుత్ర సంఘాలు చెరువును కాపాడుకోవడంలో ఎవరికంటే ముందుంటాయి. ఈ నియమం వారి నోటి నుంచి వస్తే జీవో కంటే గట్టిగా నిలబడుతుంది. వలలు బాగుచేసుకున్నాక మిగిలే నైలాన్ ముక్కలు కూడా అదే డబ్బాలో పడితే కట్ట మొత్తం బాగుపడుతుంది.

డబ్బా వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. కోసిన దారాన్ని జేబులో వేసుకుని ఇంటికి తేవాలి. ఉచ్చు పడే వీలు లేకుండా జానెడు కంటే చిన్న ముక్కలుగా కత్తిరించి పొడి చెత్తలో వేయాలి. కాల్చకూడదు, ఆ పొగ విషం. గాలం సామాను అమ్మే దుకాణాలు దారంతో పాటు ఒక స్వివెల్ చేతిలో పెట్టి, ఎక్కించే పద్ధతి కొనుగోలుదారు కళ్లెదుట చేసి చూపితే సగం చిక్కు కట్ట దాకా రాదు.

ఏటా జనవరిలో పక్షి ప్రేమికులు దుర్భిణులు పట్టుకుని చెరువుల వెంట తిరుగుతారు. 1987 నుంచి సాగుతున్న ఆసియా నీటి పక్షుల గణన అది. వచ్చే జనవరిలో మంజీరా ఒడ్డుకు, సంగారెడ్డి జిల్లా చెరువులకు వచ్చే ఆ కార్యకర్తలు చేతిలో ఒక సంచి కూడా తెచ్చుకుంటే బాగుంటుంది. పక్షుల లెక్క రాసే పుస్తకంలోనే ఆ కట్ట మీద ఏరిన దారం ఎన్ని గ్రాములో పక్క గడిలో రాస్తే ఏ చెరువుకు డబ్బా ముందు కావాలో జిల్లా మత్స్య శాఖకు, మున్సిపాలిటీకి తెలుస్తుంది. మరుసటి ఏడాది అదే కట్ట మీద మళ్లీ తూచి చూడవచ్చు.